మాటలేనివారి బాధ నెఱుగుట

మతిమఱపు వ్యాధి ముదిరి, మాట పోయి, మంచము పట్టిన వృద్ధురాలిని చూడవచ్చిన వైద్యుడు మొదట అడుగు ప్రశ్న లెట్టివి? "అమ్మా, నీ పేరేమి? ఇది యే సంవత్సరము? మన మిప్పు డే యూరిలో నున్నాము?" అనియే కదా. ఆమె చూపు ఆయన మొగముపై నిలువక యింటికప్పు వైపు పోవును. చుట్టు మూగిన బంధువులు ఒకరి మొగ మొకరు చూచుకొని, "ఇంకేమున్నది, ఆమె కేమియు తెలియదు" అని నిట్టూర్తురు. ఆ మాటతో పరీక్ష ముగిసిపోవును. సోదరీమణులారా, అసలు పరీక్ష అక్కడ ఆరంభము కావలెనని మా మనవి.

ఇట్టి విషయమును వైద్యుల పత్రికలకు విడువక స్త్రీల పత్రికలో నేల వ్రాయవలె నందురేమో. మన యిండ్లలో ఈ రోగులకు అన్నము పెట్టువారు, నీళ్లు పోయువారు, ప్రక్కగుడ్డలు మార్చువారు, అర్ధరాత్రి లేచి ఒత్తిగిలించువారు మిక్కిలిగా స్త్రీలే. వైద్యుడు రోగిని చూచునది పది నిమిషములు. కోడలు చూచునది పగలును రాత్రియు. రోగికి నోరున్నంత వఱకు ఆమె మాటయే సాక్ష్యము. నోరు పోయిన పిమ్మట కనిపెట్టియున్నవారి కన్నే సాక్ష్యము. ఆ సాక్ష్య మెట్లు చెప్పవలెనో తెలియకున్నచో వైద్యుని విద్యయు సగము వృథా యగును.

వైద్యులు డిమెన్షియా యని వ్యవహరించు ఈ వ్యాధి మన దేశమున అరుదైనది కాదు. 2023 లో ప్రకటింపబడిన యొక గొప్ప పరిశోధనమును బట్టి, అఱువది యేండ్లు దాటిన భారతీయులలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఇది కలదు. పురుషులలో కంటె స్త్రీలలోను, పట్టణములలో కంటె పల్లెలలోను అధికముగా కానవచ్చినది. "ముసలితనమున చాదస్తము సహజమే కదా" అని మనవారందురు. సహజము కాదు. ఎనుబదియేండ్లు నిండియు మనుమరాండ్ర పెండ్లి ఖర్చులు వ్రేళ్లపై లెక్క చెప్పు వృద్ధు లెందఱో లేరా? ఇది మెదడునకు వచ్చు వ్యాధి. అందు మిక్కిలి వ్యాప్తి గలది అల్జైమరు వ్యాధి; మెదడులోని రక్తనాళములు చెడుటచే వచ్చునది మఱియొకటి.

ఆ మొదటి దానికి పేరు వచ్చిన కథ మా మనస్సునకు మిక్కిలి నచ్చినది. 1901 నవంబరు నెలలో జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఔగుస్తె యను ఏబదియొక్క యేండ్ల గృహిణిని వైద్యశాలలో చేర్చిరి. అలోయిస్ అల్జైమర్ అను వైద్యుడు ఆమెను దినదినము పరీక్షించెను. పేరడిగిన తన పేరు చెప్పినది. భర్త పేరడిగినను తన పేరే చెప్పినది. ఆ వైద్యుడు అంతటితో లేచిపోలేదు. భోజన సమయమున ప్రక్కనే కూర్చుండి, ఆమె కాలీఫ్లవరును మాంసమును తినుచుండగా ఏమి తినుచున్నారని యడిగి, పాలకూర యని యామె చెప్పిన దానిని అట్లే వ్రాసికొనెను. 1906 ఏప్రిలులో ఆమె మరణించినది. ఆ సంవత్సరమే నవంబరులో ట్యూబింగెన్ నగరమున వైద్యుల సభలో ఆమె మెదడున తాను కనుగొన్న వికారములను అల్జైమర్ వివరించెను. ఆయన వ్రాసికొన్న కాగితములు మఱుగునపడి, 1995 లో మరల దొరకినవి. భోజనపు పళ్లెము ప్రక్క కూర్చుండి రోగిని చూచుట చిన్నతనమని యాయన తలపకుండుట గమనింపుడు.

ఇక ప్రశ్నల పరీక్ష సంగతి. వైద్యులు విశేషముగా వాడునది 1975 లో ఫోల్‌స్టీన్ దంపతులును మెక్‌హ్యూ యను వైద్యుడును కలసి కూర్చినది. దానికి 30 మార్కులు. తేదీ, స్థలము, మూడు వస్తువుల పేరులు గుర్తుంచుకొనుట, నూఱులోనుండి ఏడేసి తీసివేయుట, ఒక వాక్యము వ్రాయుట మున్నగునవి యందుండును. చదువురాని మన పల్లెవారి కీ పరీక్ష తగదని, హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున దీనినే నిరక్షరాస్యులకు తగినట్లు హిందీలో మార్చి వాడిరి. అది మంచి పని. అయినను, వ్యాధి ముదిరిన వారి విషయమున ఈ పరీక్ష లేవియు పనికిరావు. ఈ సంగతి మేము చదివి వినిపింపగా, ఉపాధ్యాయులైన మా యింటివారు నవ్వి, "తరగతిలో నందఱికిని సున్నయే వచ్చు ప్రశ్నపత్రము పిల్లలను పరీక్షించినట్లు కాదు, దానిని కూర్చిన పంతులును పరీక్షించినట్లు" అనిరి. సున్న వచ్చిన యిద్దఱు రోగులలో ఒకతె చేయి పట్టిన నాలుగడుగులు వేయును, పాట విన్న తల యూపును; రెండవయామె తల నిలుపలేదు. ఈ యిద్దఱును ఒక్కటియా?

అందుచేత అమెరికాలో బ్యారీ రైస్‌బర్గ్ అను వైద్యుడును ఆయన సహచరులును వేఱొక మెట్ల వరుస నేర్పఱచిరి. అందు ప్రశ్నలు లేవు. రోగి యేమి చేయగలదో, ఏమి చేయలేదో అంతయే. ఆఱవ మెట్టున చీర తాను కట్టుకొనలేదు, స్నానము తాను చేయలేదు, పిదప మలమూత్రముల నిగ్రహము తప్పును. ఏడవ మెట్టు తుదిది. అందు మొదట మాటలు పదికి లోపై ఐదాఱు మిగులును. తరువాత ఒక్క మాటయే. పిమ్మట నడక పోవును. పిమ్మట కూర్చుండుట పోవును. ఆ తరువాత చిఱునవ్వు. కట్టకడపట తల నిలుపు శక్తి. మాటయు నడకయు కూర్చుండుటయు పోయిన తరువాతగాని నవ్వు పోదని చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. "ఆమె కేమియు తెలియదు" అని మంచము ప్రక్కనే నిలిచి పెద్దగా చెప్పుకొనువారు ఈ వరుస నొకసారి చూడవలెను.

పసిబిడ్డ నేర్చిన క్రమమునకు తలక్రిందుగా ఈ విద్యలు పోవుచున్నవని రైస్‌బర్గ్ సూచించెను. మనవారును "రెండవ బాల్యము" అందురు. పోలిక చక్కనిదే, కాని దానిని పట్టుకొని అత్తగారిని "ఓసి పిల్లా" యని పిలుచుటయు, నలుగురి యెదుట గుడ్డలు మార్చుటయు మాకు సమ్మతము కాదు. డెబ్బదియేండ్లు ఇల్లు నడపిన యామె సిగ్గు భాషతో పాటు పోయినదని యెవరు చెప్పిరి? అత్తయ్యగారూ యని పిలిచి, ఇప్పుడు నీళ్లు పోయుచున్నానని చెప్పి, తుండుగుడ్డ కప్పి పోయుట మంచిది. అట్లు చేసినచో అదిరిపాటు తగ్గును. అదిరిపాటు తగ్గినగాని అసలు బాధ యేదో తెలియదు.

బాధ యను మాట వచ్చినది గనుక ముఖ్య విషయమునకు వత్తము. నోటిమాట లేని యెడ మనస్సు నెట్లు తెలిసికొనవలెనో మన నీతిశాస్త్రములు మంత్రులకు నేర్పినవి. ఆకారము, ఇంగితము, నడక, చేష్ట, కంటి వికారము, మొగపు వికారము, వీనిచే లోపలి భావము తెలియునని పంచతంత్రమున చదువని వారెవరు? మంత్రులకై చెప్పిన యా విద్య నేడు మంచము పట్టిన మన పెద్దల యెడ మిక్కిలి యవసరమైనది. 2003 లో వార్డెన్, హర్లీ, వోలిసర్ అను మువ్వురు అమెరికాలో సరిగా ఇట్టి విద్యనే ఒక చిన్న పట్టికగా కూర్చిరి. పెయినాడ్ అని దానికి పేరు. చూడవలసినవి యైదే.

మొదటిది శ్వాస: ప్రశాంతముగా నున్నదా, అప్పుడప్పుడు భారమగుచున్నదా, చప్పుడుతో నెగరోజుచున్నదా? రెండవది కంఠధ్వని: మూలుగులేదా, ఉండియుండి మూలుగునా, విడువక కేకలు వేయుచు నేడ్చునా? మూడవది మొగము: కనుబొమలు ముడివడి దిగులుగా నున్నదా, ముఖమంతయు ముడుచుకొని వికృతమగుచున్నదా? నాల్గవది దేహము: సడలియున్నదా, బిగిసి కదలుచున్నదా, పిడికిళ్లు బిగించి మోకాళ్లు ముడిచి చేరవచ్చినవారిని నెట్టుచున్నదా? ఐదవది ఊఱడింపు: తల నిమిరి మాటాడిన ఊరకుండునా, ఎంత బుజ్జగించినను ఊరకుండదా? ఒక్కొక్క దానికి సున్న మొదలు రెండు వఱకు; మొత్తము పది. పిల్లల మార్కులవలె గాక ఇచ్చట తక్కువ వచ్చుటే మేలు.

ఒక హెచ్చరిక. ఆకలికిని భయమునకును చలికిని గూడ మూలుగు రావచ్చును. కనుక లెక్క హెచ్చినంత మాత్రమున నొప్పియే యని తీర్పు చెప్పరాదు. వెదకుటకు కారణమున్నదని మాత్రము తలపవలెను. మఱియు నిద్రించునప్పుడు గాక, ప్రక్క మార్చునప్పుడును స్నానమాడించునప్పుడును చూడవలెను. కదలనప్పుడు లేని నొప్పి కదిలించినప్పుడే బయటపడును.

మేము నివసించు వీధిలో ఎనుబది దాటిన యొక యిల్లాలు కలదు. మాట పోయి యేడాది దాటినది. స్నానమునకు లేవనెత్తగనే కేకలు వేసి, కోడలి ముంజేయి రక్తము వచ్చునట్లు గీరెడిది. చుట్టములు కోడలిది మోటుచేయి యనిరి. ఒకరిద్దఱు పూర్వజన్మ వైర మనిరి. కోపము చల్లారుటకని ఒక వైద్యుడు నిద్రమాత్ర వ్రాసియిచ్చెను. దానితో పగలెల్ల మగతయు, అన్నము తినకుండుటయు నగుపడినవిగాని స్నానపు కేకలు తగ్గలేదు. ఆ కోడలు పెద్దగా చదువుకొన్నది కాదు. కాని ఆమె వారము దినములు కనిపెట్టి యొక సంగతి తెలిసికొన్నది: నీళ్లు పోసినప్పుడు కేక లేదు, తల రుద్దినప్పుడు లేదు, కుడిచేయి పైకెత్తి రవిక తీయునప్పుడే కేక. ఆ ముక్క మఱియొక వైద్యునితో చెప్పినది. ఆయన భుజమును మెల్లగా కదల్చి చూచి, కీలు బిగిసిపోయినదని తెలిసికొనెను. ముందువైపు పూర్తిగా తెఱచుకొను వదులు రవికలు కుట్టించిరి. తొడుగునప్పుడు నొప్పిచేయి ముందు, విప్పునప్పుడు నొప్పిచేయి కడపట. స్నానమునకు ముందుగా వైద్యుడు చెప్పిన కొలతలో పారాసిటమాల్ ఇచ్చిరి. పదిదినములలో గీరుట మానినది. చుట్టములు కోడలిని మెచ్చుకొనిరా యందురా? ఆమె అదృష్టవంతురాలనిరి.

ఇది ఒక్క యింటి ముచ్చట కాదు. నార్వే దేశమున 18 వృద్ధ సంరక్షణ గృహములలో, మతిమఱపు ముదిరి అలజడి చేయు 352 మందిని తీసికొని యొక పరీక్ష జరిపి, 2011 లో ప్రకటించిరి. సగము గృహభాగములలోని వారికి ఎనిమిది వారములు మెట్టుమెట్టుగా నొప్పికి మందిచ్చిరి. అందు మిక్కిలిగా వాడినది పారాసిటమాలే. తక్కినవారికి ఎప్పటివలెనే సేవ. నొప్పికి మందిచ్చిన వారిలో అలజడి సరాసరి నూటికి 17 పాళ్లు తగ్గినది. మనము "ఉన్మాదము", "మొండితనము" అనుకొను దానిలో కొంత పాలు ఎవరును వెదకని నొప్పి యన్నమాట. దీనికి మాఱుగా, అలజడి కనబడగనే ఇచ్చు మానసిక వ్యాధుల మందులు కొన్ని ఈ వృద్ధులలో మరణములను హెచ్చించునని 2005 లో అమెరికా ఔషధ శాఖ హెచ్చరిక చేసినది. అవి యెన్నడును వాడరాదని మేము చెప్పము. నొప్పి లేదని తేల్చుకొనకముందు వాడరాదని మా యభిప్రాయము.

నొప్పి యెక్కడ దాగును? నోట దాగును: పుచ్చిన పన్ను, ఒఱసికొను కట్టుడుపండ్లు, నాలుక క్రింది పుండు. పొట్టలో దాగును: నాలుగు దినముల మలబద్ధకము, మూత్రము వెడలక నిండిన తిత్తి. చెవిలో గట్టిపడిన గులిమి దాగును. కాలిగోరు లోనికి పెరిగి దాగును. మంచము పట్టిన వారికి నడుము క్రింద, తుంటిమీద, మడమలందు చర్మము చెడును. నొక్కినను తెల్లబడని యెఱ్ఱదనము పుండునకు తొలిగుఱుతు అందురు. కాని మన చామనఛాయ చర్మమున ఆ యెఱుపు కానరాదు. అచ్చట చేయి వేసి చూచి, చుట్టుప్రక్కలకంటె వేడిగాగాని గట్టిగాగాని యున్నచో అదే గుఱుతని యెంచవలెను.

వ్యాధి మెల్లగా ముదురునది, సంవత్సరములు పట్టును. ఒక్క దినములో, రెండు దినములలో వచ్చు మార్పు ఈ వ్యాధిది కాదు. నిన్నటి వఱకు ముద్ద తిన్నయామె నేడు కన్ను తెఱవకున్నను, రాత్రంతయు గాలిలో చేతులాడించుచున్నను, "వ్యాధి ముదిరినది" అని యూరకుండరాదు. మూత్రమార్గపు చీము, ఊపిరితిత్తుల వాపు, నీరసము, క్రొత్తగా మొదలిడిన మందు, వీనిలో నేదో యుండును. జ్వరము కొలకఱ్ఱకు అందకపోవచ్చును. ఇది తక్షణము వైద్యునికి చెప్పవలసిన సంగతి. చికిత్సచే మరలు సంగతి గూడ.

ఇక భోజనము. అన్నము తినుచు పొలమాఱినచో ఎవరో తలచుకొనుచున్నారని నెత్తిపై తట్టుట మన వాడుక. ఈ రోగుల విషయమున పొలమాఱుట తలపోత కాదు, మెతుకో నీరో ఊపిరిగొట్టములోనికి పోవుచున్నదని తెలుపు సూచన. ముద్ద బుగ్గన దాచుకొనుట, తిన్న తరువాత కంఠము గరగరలాడుట, భోజనము గంటకుపైగా సాగుట, ఇవియు అట్టివే. పలుచని నీటికంటె చిక్కని జావ కొందఱికి మేలు. ఎవరి కెట్టిదో వైద్యుని యడుగవలెను. నిలువుగా కూర్చుండబెట్టి, చిన్న ముద్ద పెట్టి, మ్రింగినది చూచి మఱియొకటి పెట్టవలెను; తరువాత అరగంట పండుకొనబెట్టరాదు. కూరుకుచున్న వారి నోట ఏమియు పెట్టరాదు. బరువు చూచుటకు త్రాసు లేని యిండ్లలో గాజులే త్రాసు. మణికట్టున నిలిచిన గాజులు మోచేతికి జాఱుచున్నచో నెలనెలకు శరీరము తగ్గుచున్నదని తెలియును.

తినుట మిక్కిలి తగ్గినప్పుడు ముక్కునుండిగాని పొట్టనుండిగాని గొట్టము వేయవలెనా యను ప్రశ్న వచ్చును. ఇచ్చట మా సోదరీమణులు మిక్కిలి నలిగిపోవుదురు. గొట్టము వేయింపనిచో అత్తను ఆకలికి చంపినదన్న మాట పడవలసి వచ్చును. అమెరికా వృద్ధవైద్యుల సంఘము 2014 లో చెప్పినది వినుడు: ముదిరిన డిమెన్షియాలో గొట్టపు ఆహారము తగదు, జాగ్రత్తతో చేతిముద్ద పెట్టుటయే తగును. గొట్టముచే ఆయువు పెరిగినట్లును, ఊపిరితిత్తుల వాపు తగ్గినట్లును సాక్ష్యము దొరకలేదు. బోస్టను ప్రాంతమున ఇట్టి రోగులను 323 మందిని పదునెనిమిది నెలలు వెన్నంటి చూచి 2009 లో ప్రకటించిన పరిశోధనమున, నూటికి 86 మందికి భోజనపు చిక్కులు వచ్చెను. సగమునకు మించినవారు ఆ కాలములోనే మరణించిరి. అనగా మ్రింగలేకపోవుట కోడలి యలక్ష్యము కాదు, వ్యాధి తుదిభాగము. ఈ సంగతి వైద్యులు ఆడువారిని ప్రక్కకు పిలిచి గాక, కొడుకులను కూతుండ్రను అందఱిని కూర్చుండబెట్టి చెప్పవలెను.

ఆమె కేది సమ్మత మగునో యామెయే చెప్పియుండిన ఎంతయో మేలు. 2018 లో సుప్రీం కోర్టు, తుదిదశలో తనకు ఏ చికిత్స వలదో ముందుగా వ్రాసియుంచు పత్రమును అంగీకరించినది. 2023 లో ఆ పద్ధతిని సులువు చేసి, నోటరీ యెదుటగాని గెజిటెడ్ అధికారి యెదుటగాని వ్రాయవచ్చుననినది. మఱపు తొలిమెట్టున నున్న పెద్దలున్న యిండ్లలో ఈ మాట యిప్పుడే కదల్చుట మేలు. అపశకునమని వెఱచువారు కలరు. మా యత్తవారింటను కలరు.

వైద్యుడు వచ్చులోపల ఒక చిన్న నోటుపుస్తకమున దినమునకు రెండు పంక్తులు వ్రాసియుంచుడు: ఎంత తినినది, విరేచనమైన దినము, నిద్ర, కేక పెట్టిన వేళ, అప్పుడు మీరు చేయుచున్న పని. "అఱచుచున్నది" యను మాటకంటె "ఎడమవైపు త్రిప్పినప్పుడు అఱచుచున్నది" యను మాట వైద్యునికి పదిరెట్లు పనికివచ్చును. రాత్రి మీరెన్నిమాఱులు లేచినదియు అందే వ్రాయుడు. అదియు ఆయన యెఱుగవలసినదే, మీ ప్రక్కన ఇంకొకరు కావలెనని యింటివారితో ఆయన నోట చెప్పింపవచ్చును. కళ్లద్దములు, వినికిడి యంత్రము ఉన్నచో వైద్యుడు వచ్చునప్పుడు పెట్టియుంచుడు. చూపును వినికిడియు లేనివారిని మతిలేనివారని వ్రాసిపోవుట కద్దు. ఇంటనున్న మాత్రలన్నియు, ఎవరెవరు వ్రాసినవో వానితోకూడ, ఒక సంచిలో వేసి ఆయన ముందు పెట్టుడు. మేము చూచిన యొక యింట అట్టి సంచిలో రెండు పేరులతో రెండు నిద్రమాత్రలుండెను. విప్పి చూడగా రెండును ఒక్క మందే.